జోడి ఎలుక

రోహిణి కార్తె మొదలు

రోహిణిలో రోళ్ళు పగులుతాయని మా నాయనమ్మ అనేది. ఇప్పుడు పైన పగలడానికి రోళ్ళు లేవు, పగిలాయో లేదో చూడటానికి మనుషులూ లేరు. అందరం బొగ్గుగనిలోకి దిగి ఇరవై ఏళ్ళు దాటింది. బొగ్గు తవ్వినవాళ్ళు మా కోసం ఇళ్ళు కడుతున్నామని అనుకొని ఉండరు. అయినా కార్తెలు మాత్రం ఎవరూ వదల్లేదు. ఎండ కనపడకపోయినా పైన అది ఏ మూడ్‌లో ఉందో తెలియాలి కదా.

పొద్దున్నే గాలి పంకా జల్లెడ దులిపాను. దుమ్ము నా ముక్కులోకి సగం, ఎలుకల శాలలోకి సగం పోయింది. తర్వాత బోనుల్లో ఊక మార్చాను, సీసాలు నింపాను. బోనుకు రెండు సీసాలు. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు, ఇంకోదాంట్లో చక్కెర నీళ్ళు. బాగున్న ఎలుక ఉత్త నీళ్ళ మొహం కూడా చూడదు. దిగులు పట్టిన ఎలుకకు రెండూ ఒకటే. ఏ సీసా ముందుంటే దాన్ని నాలుగు చుక్కలు నాకి మూలకు పోతుంది. వారానికోసారి వీపు మీద బెల్లం నీళ్ళు చల్లుతాం. బాగున్నది వెంటనే ఒళ్ళంతా నాక్కుంటుంది. దిగులుది అలాగే కూర్చుంటుంది, బెల్లం ఎండి వెంట్రుకలు అట్టకట్టినా సరే.

దిగులు అనేది మా ఊరి మాట. మెహరున్నీసా డాక్టరమ్మ దాన్ని డిప్రెషన్ అంటుంది. గనిలోకి దిగిన మొదటి ఏళ్ళలో ఎవరికీ లేదు, అప్పుడు బతికితే చాలనుకునేవాళ్ళం. బతకడం అలవాటయ్యాక మొదలైంది. ఒక్కొక్కరే గోడవైపు తిరిగి పడుకున్నారు. ఏ మందు ఎవరికి పడుతుందో తెలియక అందరికీ ఇచ్చిన ఏడాది కొందరిని పోగొట్టుకున్నాం కూడా. అందుకే ఈ జోడి ఎలుకలు. రోగి నెత్తురులోంచి కొంత, కడుపులో ఉండే సూక్ష్మజీవులు కొంత తీసి ఎలుకకు ఎక్కిస్తారు. రెండు వారాల్లో ఆ మనిషి దిగులు ఆ ఎలుకకు వస్తుంది. ఇక మందులన్నీ ఎలుక మీదే. ఏ మందుకు ఎలుక లేస్తుందో ఆ మందే మనిషికి. అది ఎలా పనిచేస్తుందో డాక్టరమ్మకే పూర్తిగా తెలియదు, నాకేం తెలుస్తుంది? కానీ పోయిన ఏడాది సగానికి పైగా లేచి పనుల్లోకి వచ్చారు.

శాలలో నియమాలు మూడు. తొడుగు లేకుండా ఎలుకను ముట్టుకోకూడదు. దాని దగ్గర నోరు మెదపకూడదు. ఏది ఎవరి ఎలుకో తెలుసుకోకూడదు. మనిషి వాసనకూ గొంతుకూ ఎలుక మారిపోతుందట, అప్పుడు మందు చేసిన పనేదో మనిషి చేసిన పనేదో తేలదట. నోరు మెదపని నియమం వల్లే నాకు ఈ ఉద్యోగం వచ్చిందని ఊళ్ళో ఒక జోకు.

ఇవాళ వార్డు నుంచి ఒకే ఒక్క సీసా నెత్తురు వచ్చింది. నిన్న సాయంత్రం వార్డులో నెత్తురు ఇవ్వడానికి ఒప్పుకున్నది ఒకే ఒక్క మనిషి. ఆరు నెలలు ఒప్పుకోకుండా ఉండి, “ఇస్తే ఊకుంటరా మరి” అని చెయ్యి చాపిన మనిషి. నా భార్య నాంచారి.

ఆ సీసా ముప్పై ఒకటో బోనులోని ఎలుకకు ఎక్కింది. మూడో నియమం పాటించాలంటే నేను నా పెళ్ళాన్ని మర్చిపోవాలి.

రోహిణి చివర

ముప్పై ఒకటి పడిపోయింది. నిన్నటిదాకా ఊకను తవ్వి తవ్వి పోసేది. ఇవాళ మూలకు ఒదిగి, ముక్కు గోడకు ఆనించి కూర్చుంది. బెల్లం నీళ్ళు చల్లితే ఒక్కసారి వణికి ఊరుకుంది. డాక్టరమ్మ చూసి “బాగా పట్టింది” అంది. ఆమెకది మంచి కబురు. జోడి కుదిరినట్టు లెక్క.

ఇంటికి వచ్చేసరికి నాంచారి కూడా గోడవైపే ఉంది. జొన్న రవ్వతో గటక చేసి పక్కన పెట్టాను.

“తిను.”

“ఊఁ.”

మా ఇద్దరి మధ్య ఇవాళ్టి మాటలు ఇవే. నేను మొదటినుంచీ మాటకారిని కాను. ఇంటికి కావాల్సిన మాటలన్నీ నాంచారే మాట్లాడేది. పుట్టగొడుగుల షెడ్డులో పనిచేసి వచ్చి, అక్కడ ఎవరు ఎవరితో కొట్లాడారో, ఎవరి కోడలు ఎవరిని ఏమందో గొంతులు మార్చి మరీ చెప్పేది. నడుమ నడుమ నా వైపు తిరిగి, “మా ఆయన నోరు తెరవడు, ముత్యాలు రాల్తయని భయం” అని వచ్చినవాళ్ళను నవ్వించేది. తర్వాత కథలు చిన్నవయ్యాయి. తర్వాత గొంతులు మార్చడం మానేసింది. ఇల్లు నెమ్మదిగా ఉంటే నాకు బాగానే అనిపించింది, నిజం చెప్పొద్దూ. షెడ్డువాళ్ళు వచ్చి “నాంచారక్క పనికి వస్తలేదేం?” అని అడిగిన రోజు గానీ నాకు భయం పుట్టలేదు.

ఇప్పుడు ఆమె తూకం నలభై ఒక్క కిలోలు. ముప్పై ఆరుకు దిగితే నిద్ర వార్డుకు తీసుకుపోతారు. తిండి మానేసినవాళ్ళు చచ్చిపోకుండా మత్తిచ్చి, గొట్టంతో ఆహారం పోస్తూ, మందు దొరికేదాకా ఉంచుతారు. దయతో చేసే పనే. కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళలో ఇంతవరకూ ఎవరూ లేవలేదు.

మృగశిర

మృగశిర ప్రవేశించిన రోజు ఇంగువ కలిపిన బెల్లం ఉండ తినాలి. చేపలెలాగూ లేవు, ఇదైనా మిగిలింది. ఏటా నాంచారే చుట్టేది. ఈసారి నేను చుట్టాను. ఇంగువ ఎంత వేయాలో తెలియక వేసినంత వేశాను. ఒకటి ఆమె నోట్లో పెట్టాను. కాసేపు బుగ్గన ఉంచుకుంది. నేను చెంబు కడిగి వచ్చేసరికి ఉండ చాప అంచున ఉంది, కరగలేదు కూడా.

ముప్పై ఒకటికి మొదటి మందు మొదలైంది.

మృగశిర నడిమి

మొదటి మందు ఏమీ చేయలేదు. మూడే మందులున్నాయి. ఇప్పుడు రెండోది. ఒక మనిషికి ఒక్క ఎలుకే, వెనక వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. డాక్టరమ్మ నాకేమీ చెప్పదు, నేనూ అడగను. అడిగితే ఆ బోను మీద నాకెందుకంత ఆత్రం అని అడుగుతుంది.

ఇవాళ ఒక పని చేశాను. ముప్పై ఒకటి వీపు మీద పాత బెల్లం రాయిలా గట్టిపడి, కింద చర్మం ఎర్రబడింది. చీమలు కూడా పట్టాయి. తొడుగు వేసుకుని తుడిస్తే జారిపోతోంది. తొడుగు తీసేశాను. తడిబట్టతో మెల్లగా నానబెట్టి తుడిచాను. నా అరచేతిలో అది బరువే లేనట్టుంది. గుండె మాత్రం టకటకా కొట్టుకుంటోంది.

“ఏమే, నొస్తుందా?” అన్నాను.

నోరు జారింది. ఎన్నాళ్ళయిందో ఆ పిలుపు నా నోట్లోంచి వచ్చి. ఇంట్లో అయితే ఆ మాటకు జవాబు వస్తుంది, లేకపోతే రాదు, రెండూ కష్టమే. ఎలుక దగ్గర ఆ బాధ లేదు. తుడవడం అయిపోయాక కూడా కాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకున్నాను.

మృగశిర చివర

రోజూ ముట్టుకుంటున్నాను. తప్పని తెలుసు. మిగతా బోనుల దగ్గర పాత ఓదెలునే. ఆ ఒక్క బోను దగ్గరకు రాగానే నా నోరు నా మాట వినడం లేదు. పంకా ఆగిపోయి ఊరంతా తిట్టుకున్న సంగతి చెప్పాను. గటకలో ఉప్పు మర్చిపోయి నేనే తినలేకపోయిన సంగతి చెప్పాను. “నువ్వు నవ్వుతలేవు, ఇంట్ల నాకు ఊపిరి ఆడ్తలేదే” అని కూడా చెప్పాను. చెవి వెనక వేలితో నిమిరితే కళ్ళు సగం మూస్తుంది.

ఆరుద్ర

ముప్పై ఒకటి చక్కెర నీళ్ళు తాగింది. తాగడమంటే అలాంటిలాంటి తాగడం కాదు, సీసా సగం ఖాళీ. ఉత్త నీళ్ళు ముట్టనే లేదు. బెల్లం నీళ్ళు చల్లితే నా కళ్ళముందే ముందుకాళ్ళు ఎత్తి, మెడ తిప్పి, వీపంతా నాక్కుంది. డాక్టరమ్మ నన్ను పక్కకు నెట్టి మరీ చూసింది.

“రెండో మందు పట్టిందండీ! ఓదెలు గారూ, చూశారా?”

చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఊక దుమ్మని చెప్పాను.

మందే లేపింది. మందు కాకపోతే ఇంకేమిటి? ఈ మాట మధ్యాహ్నం నుంచి నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. ఒక మనిషి ఒకే మాటను అన్నిసార్లు చెప్పుకుంటున్నాడంటే ఏమిటో ఎవరికైనా తెలుస్తుంది. ఆశ లావు, పీక సన్నం.

ఆరుద్ర చివర

నాంచారికి రెండో మందు మొదలుపెట్టారు. వేళ్ళు వణుకుతున్నాయి. నోరు ఎండిపోతోందని సైగ చేస్తుంది. మొదట్లో అలాగే ఉంటుందని డాక్టరమ్మ అంది. తూకం ముప్పై తొమ్మిది.

ముప్పై ఒకటి మాత్రం నన్ను చూడగానే బోను తలుపు దగ్గరికి వస్తోంది.

పునర్వసు

తూకం ముప్పై ఎనిమిది. బాత్రూముకు కూడా లేవడం లేదు, నేనే ఎత్తుకుపోతున్నాను. డాక్టరమ్మ వచ్చి చూసి, ఎలుక లేచింది కాబట్టి మనిషి లేచి తీరాలని, మోతాదు చాలలేదేమోనని రెండింతలు చేసింది. నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చెబితే ఆ ఎలుక లెక్క చెల్లదు, నాంచారి వంతు పోతుంది, మళ్ళీ వరుస చివరికి. చెప్పకపోతే ఆ మందు అలాగే పోస్తారు.

రాత్రంతా ఆమె పళ్ళు కొట్టుకుంటూనే ఉన్నాయి.

పునర్వసు, మర్నాడు

చెప్పేశాను.

“డాక్టరమ్మా, ముప్పై ఒకటో బోను లెక్క నమ్మకుండ్రి.”

“ఎందుకండీ?”

“అది నాంచారి ఎలుక అని నాకు తెల్సు. తొడుగు లేకుండ ముట్టుకున్న. రోజూ.”

ఆమె అర్థం కానట్టు చూసింది. “మాట్లాడారా దానితో?”

“మాట్లాడిన.”

“ఎంతసేపు?”

“పనైనంక, ఇంటికి పోయేదాక.”

“మూడేళ్ళుగా కలిసి పనిచేస్తున్నాం. నాతో మీరు మాట్లాడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.” కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. “ఆ ఎలుకని చూసి నేను మోతాదు రెండింతలు చేశాను ఓదెలు గారూ. ఒక మనిషికి. మీ మనిషికి.”

అడుసు తొక్కింది నేనే.

నాంచారికి మందు ఆపేశారు. ముప్పై ఒకటిని ఒంటరి గదిలో పెట్టారు. అక్కడికి మనిషి వెళ్ళడు, తిండీ నీళ్ళూ మిషనే అందిస్తుంది, గాజు కిటికీలోంచి చూడాలంతే. అదే రెండో మందు, అదే మోతాదు, నేను మాత్రం లేకుండా. వారం తర్వాత కూడా చక్కెర నీళ్ళు తాగుతుంటే లేపింది మందే అని తేలుతుంది. అప్పుడు నాంచారికి తక్కువ మోతాదుతో మళ్ళీ ఇవ్వొచ్చు. తాగకపోతే, చెయ్యి తగిలిన ఎలుక మీద మూడో మందు చూడరు కాబట్టి, ఆమె వంతు అయిపోయినట్టే.

తాగాలి. నేను లేకపోయినా తాగాలి. నా చెయ్యి ఎందుకూ పనికిరానిదని తేలాలని దేవుడికి మొక్కుకున్నాను. ఇలాంటి మొక్కు ఎవరైనా మొక్కుకుంటారా?

పుష్యమి

నాలుగో రోజుకే తెలిసిపోయింది. మూలకు పోయింది, ముక్కు గోడకు ఆనించింది. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి. మొదటి రెండు రోజులు కిటికీ వైపు వచ్చి నిలబడేది. గాజుకు అవతల నేనున్నట్టు దానికి తెలియదు, తలుపు అటే ఉంది కాబట్టి వచ్చిందని డాక్టరమ్మ అంది. ఆమె చదువుకున్న మనిషి, అలాగే అనాలి. నాకు అక్కడ నిలబడటం చేతకాలేదు.

“మందు కాదండీ,” అంది ఆమె. “మీరే.” కోపం పోయినట్టుంది, అలసట మిగిలింది. “ఇక్కడేం చేశారో అది ఇంటికి వెళ్ళి చెయ్యండి. ఇది నేను డాక్టరుగా చెప్పడం లేదు. నా దగ్గర వేరే ఏమీ లేక చెప్తున్నాను.”

సెలవు పెట్టి ఇంటికి వచ్చాను. నాంచారి పక్కన కూర్చుని తలమీద చెయ్యి వేశాను. చెవి వెనక నిమిరాను, పంకా జల్లెడ సంగతి మొదలుపెట్టాను. నా గొంతు నాకే పరాయివాడి గొంతులా ఉంది. చాలాసేపటికి ఆమె కదిలింది.

“ఏంది?”

“ఏం లేదు. ఊకెనే.”

“ఎన్నడు లేంది. ఎవరు చెప్పిన్రు?”

“డాక్టరమ్మ,” అన్నాను. అబద్ధం చెప్పాల్సిన చోట నిజం చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇక దాచేందుకేముంది, ఎలుక సంగతి మొత్తం చెప్పాను. బెల్లం గట్టిపడటం, తొడుగు తీయడం, చక్కెర నీళ్ళు, అన్నీ. ఆమె గోడవైపే చూస్తూ వింది.

“దానితోని ఏం మాట్లాడినవ్?”

“ఏవో. గటకల ఉప్పు మర్చిపోయిందీ. నువ్వు నవ్వుతలేవని.”

“నాకు చెప్పరాదా?”

“నువ్వు జవాబు చెప్తవని భయం.”

ఆమె పెదవి కొంచెం కదిలింది. నాకు ధైర్యం వచ్చింది. “అది లేచింది గద నాంచారీ. నా చెయ్యికి లేచింది. నువ్వు గూడ...”

“దానికి నువ్వు కొత్తోనివి,” అంది. “నాకు ఇరవై ఏండ్ల పాత. నీ నోట్లెకెళ్ళి ఒక మాట వస్తదని చూసీ చూసీ, నాకు చూసే అలవాటే పోయింది.”

తిట్టలేదు. నిష్ఠూరం కూడా లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. తిట్టినా బాగుండేది. నేను చెయ్యి తీయాలో ఉంచాలో తెలియక అలాగే కూర్చున్నాను. ఆమే మళ్ళీ అడిగింది.

“నా దిగులు దానికి పెట్టిన్రా?”

“పెట్టిన్రు.”

“దాన్ని అడిగి పెట్టిన్రా?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

“పాపం,” అంది నాంచారి. “నోరులేని దానికి నా పీడ ఎందుకు తగిలిచ్చిన్రు? ఇప్పుడు ఎట్లున్నది?”

“ఒంటరి గదిల ఉన్నది.”

ఆమె మెల్లగా, గోడ పట్టుకుని, లేచి కూర్చుంది. “ఒక్కతేనా?” అంది.

పుష్యమి, అదే రోజు సాయంత్రం

పరుగున వెళ్ళి డాక్టరమ్మకు చెప్పాను. “అడిగారా? తనంతట తనే లేచి కూర్చున్నారా?” అని ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. ముప్పై ఒకటిని బయటికి తీసి నాంచారి ఒళ్ళో పెడదామన్నాను.

“ఇంకో మూడు రోజులాగండి. ఇదే మందు వార్డులో తొమ్మిదిమంది తాగుతున్నారు. వాళ్ళ ఎలుకల్ని లేపింది కూడా మందేనా అని ఇప్పుడు నాకు అనుమానం, వారం నిండకుండా దీన్ని తీస్తే ఆ సంగతి తేలదు. వాళ్ళ దగ్గర నేనేం చెప్పను?”

ఆ తొమ్మిదిమందిలో ఒకరు మా పక్కింటి అబ్బాయి. కాదనలేకపోయాను.

తిరిగి వచ్చేసరికి నాంచారి ఇంకా కూర్చునే ఉంది.

“అది నీళ్ళు తాగిందా?”

నేను కిటికీలోంచి చూసే వచ్చాను. రెండు సీసాలూ నిండుగా ఉన్నాయి. దాని ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

“తాగింది,” అన్నాను.

“అయితే సరే,” అని గటక గిన్నె దగ్గరకు లాక్కుని రెండు ముద్దలు తింది.

పుష్యమి, మర్నాడు

ఇవాళ కూడా అడిగింది. తాగింది, వీపు కూడా నాక్కుంది అని చెప్పాను. సగం గిన్నె తిన్నది. నిన్నా ఇవాళా తూకం తగ్గలేదు. ముప్పై ఏడు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ ఆ అంకెను రెండుసార్లు చూసుకుంది. ఇంటికి వస్తుంటే దారిలో వాళ్ళూ వీళ్ళూ “ఏం ఓదెలూ, పాట పాడుతున్నవ్?” అని అడిగారు. పాడుతున్నానట, నాకు తెలియదు.

లేస్తుంది. నేను ఎలుకను లేపాను, ఎలుక ఆమెను లేపుతోంది. దారి వంకరగా ఉన్నా ఇల్లు చేరితే చాలు.

పుష్యమి, ఆ మర్నాడు

ముప్పై ఒకటి చచ్చిపోయింది.

పొద్దున కిటికీ దగ్గరకు వెళ్ళేసరికి మూలనే ఉంది, అదే తీరున, ముక్కు గోడకు ఆనించి. డాక్టరమ్మ తనే లోపలికి వెళ్ళి తెల్లబట్టలో చుట్టి తెచ్చింది. నా చేతికి ఇచ్చింది, తొడుగు వేసుకోమని అనలేదు. మనిషిని పోగొట్టుకున్నవాడు కూడా ఎలుక కోసం ఏడవడానికి సిగ్గుపడతాడు. నేను సిగ్గుపడలేదు. ఒంటరిగా చచ్చిపోయింది. దాన్ని లేపిందీ నేనే, దాన్ని ఆ గదిలో పెట్టించిందీ నేనే.

“ఓదెలు గారూ, ఆవిడకి చెప్పకండి,” అంది డాక్టరమ్మ. “ఇప్పుడిప్పుడే తింటున్నారు. ఇంకో ఎలుకని తీసుకెళ్ళి చూపించండి. అన్నీ తెల్లవేగా, తేడా తెలియదు.”

నిజమే. అన్నీ తెల్లవే. పన్నెండో బోనులోంచి ఒకదాన్ని తీశాను, ఇంకా ఎవరికీ జోడి కానిది, హుషారుగా ఉంది. బుట్టలో పెట్టుకుని బయలుదేరాను. సగం దారిలో అది బుట్టలో గెంతుతుంటే ఆగిపోయాను. లేవని దాన్ని లేచిందని చూపించినందుకే ఇదంతా వచ్చింది. మళ్ళీ అదే పని చేతిలో పట్టుకుని పోతున్నాను. ఒకసారి డాక్టరమ్మను మోసం చేశాను, ఈసారి నాంచారిని. నాకు నామీద ఎంత అసహ్యం వేసిందంటే, అక్కడే కూర్చుండిపోయాను.

వెనక్కి వెళ్ళి దాన్ని దాని బోనులో వదిలేశాను. ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను.

నాంచారి కూర్చునే ఉంది. ఈసారి అడగలేదు, నా మొహం చూసింది.

“చచ్చిపోయింది,” అన్నాను. “నిన్న, మొన్న గూడ తాగలేదు. నీకు అబద్ధం చెప్పిన.”

“తెల్సు.”

“ఏం తెల్సు?”

“అబద్ధమని. అబద్ధమాడేటప్పుడు నువ్వు మెడ గోక్కుంటవ్.”

“తెలిస్తే మరి ఎందుకు తిన్నవ్?”

“ఏం చెయ్యాలె?” అంది. “పుట్టిన కాడికెళ్ళి నాలుగు మాటలు కూడబెట్టుకున్నోనివి. నాకోసం అన్ని మాటలు ఖర్చుపెట్టి అబద్ధమాడుతుంటివి. తినకపోతే నీ మొహం చూడలేననిపిచ్చింది. తిన్న.”

నేను ఆ రెండు రోజులూ పాడుకుంటూ తిరిగాను. డాక్టరమ్మ ఆ అంకెను రెండుసార్లు చూసుకుంది. నా చెయ్యి కోసం ఎలుక తాగింది, నా మొహం కోసం ఈమె తిన్నది. ఇద్దరూ నన్ను సంతోషపెట్టారు. ఎవరికీ నయం కాలేదు.

అడగకుండా ఉండలేకపోయాను. “ఆకలై తినలేదా నాంచారీ? ఒక్క ముద్దన్న?”

ఆమె కళ్ళు మూసుకుని ఆ రెండు రోజులనూ వెతికినట్టుంది. నాకోసం ఒక్క ముద్దయినా దొరుకుతుందేమోనని చూసింది. నాకు తెలుసు, అవునంటే నేను సంతోషిస్తానని ఆమెకు తెలుసు.

“లేదయ్యా,” అంది.

నేను మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాను. ఆమె చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. బరువే లేదు.

“ఏడ్వకు,” అంది. “నువ్వు ఏడిస్తే నేను గూడ ఏడ్వాలె. నాతోని అయితలేదు.”

ఆశ్లేష

అబద్ధం లేకుండా పోయాక గటక మీద ఆమెకు పనిలేకుండా పోయింది. నేనూ బతిమాలలేదు. పక్కన కూర్చుంటున్నాను. ఒక్కోసారి మాట్లాడతాను, జవాబు రాకపోతే ఊరుకుంటాను. భయం పోయింది, ఇంత ఆలస్యంగా. ఒకరోజు, “ఆ ఎలుకను ఏం చేసిన్రు?” అని అడిగింది. పైకి తీసుకెళ్ళి పూడ్చడానికి ఎండ ఒప్పుకోదు కాబట్టి, పాత బొగ్గు పొర పక్కన చేత్తో గుంట తీసి పెట్టానని చెప్పాను. మెడ గోక్కున్నానేమోనని నా చేతివైపు చూసింది. గోక్కోలేదు, అది నిజమే.

డాక్టరమ్మ రెండో మందును ఆపేసింది. తొమ్మిదిమందికీ మళ్ళీ ఎలుకలను జోడి చేస్తోంది. పక్కింటి అబ్బాయి వణుకు తగ్గిందట. మంచిదే. ముప్పై ఒకటి చావు వాళ్ళకు పనికొచ్చిందని ఆమె అంది. నన్ను ఓదార్చడానికే అంది, నేను తల ఊపాను.

మఖ

ముప్పై ఐదున్నర.

పొద్దున్నే నిద్ర వార్డువాళ్ళు కుర్చీ తెచ్చారు. నాంచారి కుర్చీ వద్దని గోడ పట్టుకుని నడిచింది. దారిలో పుట్టగొడుగుల షెడ్డు ఆడవాళ్ళు బయట నిలబడ్డారు. ఒకామె వచ్చి ఆమె జడ సరిచేసి వెళ్ళిపోయింది.

వార్డులో మంచాలు వరుసగా ఉన్నాయి. అందరూ నిద్రపోతున్నారు. చాలామంది నాకు తెలిసినవాళ్ళే. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది.

“మందు దొరికిన రోజు మొట్టమొదట ఆవిడనే లేపుతాను. మాటిస్తున్నాను.”

“ఎప్పుడు దొరుకుతది డాక్టరమ్మా?”

ఆమె నోరు తెరిచి మూసుకుంది. చెప్పలేదు. అబద్ధం చెప్పనందుకు ఆమెకు దండం పెట్టాను.

నాంచారి పడుకుంది. చెయ్యి నా చేతిలోనే ఉంది. సూది వేసే ముందు ఏదైనా చెప్పాలనుకుంటే చెప్పమన్నారు. నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ఇరవై ఏళ్ళవి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. ఆమే అడిగింది.

“తిన్నవా?”

నిన్న మధ్యాహ్నం నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

“లేదు,” అన్నాను.

“పో. పోయి తిను,” అంది. ఇంట్లో ఒకప్పుడు కసిరినట్టే కసిరింది. తర్వాత సూది వేశారు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

ఇంటికి వచ్చాను. పొయ్యి అంటించి జొన్న రవ్వ పోశాను, ఉప్పు వేశాను. గిన్నె నిండా పెట్టుకుని, ఆమె పడుకునే చోట కూర్చుని, అడుగంటా తిన్నాను. ఆకలై కాదు. తినమంది కాబట్టి తిన్నాను.